ముఖం కనబడే టీవీ

అక్షయ తృతీయ నాడు బక్షీబజారులో బజరంగ్ సేఠ్ దుకాణానికి వచ్చినవాళ్ళంతా గోడనిండా వెలుగుతున్న టీవీల ముందు నోళ్ళు తెరుచుకుని నిలబడితే, హరమణి మాత్రం ముందు కుర్చీ అడిగింది. కుర్చీ వేయించుకుని, గొడుగు మడిచి ఒళ్ళో పెట్టుకుని, ఇక చూపించమంది. నిలబడి కొన్నవాళ్ళు మోసపోతారని ఆవిడ నమ్మకం. వంకాయల దగ్గరా అదే పద్ధతి. కూరలమ్మి పీట వేసేదాకా బేరం మొదలెట్టదు.

కొట్లో మనిషి ఆవిడకి వరసగా చేపల్ని చూపించాడు. నీలం నీళ్ళలో పసుపు చేపలు, ఎర్ర చేపలు. తరవాత పువ్వులు. ఆ తరవాత ఏ దేశానివో మంచుకొండలు. ప్రతిదానికీ "రంగు చూడండి మావుసీ, రంగు" అంటూ పోయాడు. పిన్నమ్మ వయసు ఆడవాళ్ళని మా కటక్‌లో అందరూ మావుసీ అనే పిలుస్తారు, అమ్మకం కుదరాలంటే ఇంకొంచెం సాగదీసి పిలుస్తారు. హరమణి పావుగంట ఓపిక పట్టి, చేపల్ని చేపల బజారులో చూస్తానులే, మనుషుల్ని చూపించమంది. అతను ఎవరో సినిమా తార ముఖం పెట్టాడు, గోడంత ముఖం.

"ఒక్కరు కాదు నాయనా. గుంపు కావాలి. గుంపులో ఒక్కడి ముఖం నాకు తెలియాలి" అంది హరమణి.

ఆ మాటకి బజరంగ్ సేఠ్ గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచొచ్చాడు. ముప్ఫయ్యేళ్ళుగా టీవీలు అమ్ముతున్నాడు. అంగుళాలు అడిగినవాళ్ళున్నారు, రిమోట్ ఎన్నాళ్ళు వస్తుందని అడిగినవాళ్ళున్నారు, గుంపులో ముఖం అడిగినవాళ్ళు లేరు. ఏ గుంపు అన్నాడు. పూరీ రథయాత్ర అంది. ఏ ముఖం అని అడగబోయి, ఆవిడ కళ్ళు చూసి ఊరుకున్నాడు. వ్యాపారం చేసుకునేవాడికి ఆ మాత్రం తెలుస్తుంది.

ఆ ముఖం నటబరది, హరమణి తమ్ముడిది. వాళ్ళ పుట్టిల్లు పూరీ దారిలో కంసారిపడా అనే పల్లె. ఊరంతా కంచు పోత పోసేవాళ్ళే. అక్కడి మగవాళ్ళలో కొందరికి తాతలనాటి నుంచీ ఒక సేవ ఉంది. రథయాత్ర నాడు రథమెక్కి, వరసగా నిలబడి ఘంటలు మోగించాలి. ఘంటంటే గుళ్ళో వేలాడే గంట కాదు, పళ్ళెంలా ఉండే కంచు జేగంట. ఎడంచేత్తో దాన్ని ఎత్తిపట్టి, కుడిచేత్తో కర్రతో కొడుతూ నడుం దగ్గర్నుంచి ఊగుతారు. తండ్రి పోయాక ఆ చోటు నటబరకి వచ్చింది. బలభద్రుడి రథం మీద, ఎడమ నుంచి మూడోవాడు.

పదకొండేళ్ళ కిందట హరమణి మొగుడు సుదర్శన్, సర్కారు ప్రెస్సులో అక్షరాలు కూర్చే మనిషి, రథయాత్ర మర్నాడు పొద్దున్న టీ తాగుతూ తాగుతూ పోయాడు. తమ్ముడికి కబురెళ్ళింది. తమ్ముడు రాలేదు. ఆ ఊరి కట్టుబాటు ప్రకారం రథం ఎక్కినవాడు స్వామి తిరిగి గుడి చేరేదాకా సేవ వదలకూడదు. వదిలి చావింట అడుగుపెడితే ఆ చోటు ఇంకొకరిదైపోతుంది, మళ్ళీ తిరిగి రాదు. ఇవేవీ హరమణికి తెలియనివి కావు, ఆ ఇంట్లో పుట్టిన పిల్లే. తెలిసి కూడా భరించలేకపోయింది. పన్నెండో రోజున నటబర ఎండుప్రసాదం పొట్లం పట్టుకుని వస్తే, బంధువులందరి ముందూ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నీకు స్వామి ముఖం చూడ్డమే ముఖ్యం. వెళ్ళి అదే చూసుకో. నీ అక్క కూడా పోయిందనుకో. ఈ గడప తొక్కకు" అంది.

నటబర పొట్లం అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఇద్దరూ ఒక్క తల్లి బిడ్డలు, మొండితనంలో ఒకరికొకరు తీసిపోరు. అనేసిన మాట వెనక్కి తీసుకోవడానికి ఆవిడకి నోరు రాలేదు. వద్దన్న గడప తొక్కడానికి అతనికి కాలు రాలేదు. ఏడాదికోసారి రథం నాడు హరమణి టీవీలో తమ్ముణ్ణి చూసుకునేది. కెమెరా రథం మీద తిరిగినప్పుడు నాలుగు క్షణాలు, ఆ ఏడు అదృష్టం బాగుంటే పది. ఆ చిన్న టీవీలో అతను బొటనవేలంత ఉండేవాడు. అయినా ఆవిడకి చాలు. మూడోవాడు ఉన్నాడు, ఊగుతున్నాడు, కులాసాగా ఉన్నాడు. వాళ్ళింటి ఫోన్ నంబరు ఆవిడకి కంఠతా వచ్చు. ఏడాదిలో నాలుగైదుసార్లు తొమ్మిది అంకెలు నొక్కి, పదోది నొక్కకుండా ఫోన్ పక్కన పెట్టేసేది.

నిరుడు మాత్రం ఆ బొటనవేలు సరిగ్గా ఊగలేదు. అందరి ఘంటలూ తలల పైకి లేస్తే మూడోది భుజం దాకానే లేచింది. ఒకసారి అతను వంగి స్తంభం పట్టుకున్నట్టు కూడా అనిపించింది. వాడికి ఒంట్లో బాగాలేదా, తన టీవీకి బాగాలేదా? పక్కింటి సబితని అడిగితే, "మీ టీవీలో అందరూ వంగే ఉంటారు మావుసీ, మంత్రిగారితో సహా" అని నవ్వేసింది. హరమణికి నవ్వు రాలేదు. ఏడాది పొడుగునా అదే ఆలోచన. చివరికి తనతో తానే ఒక ఒప్పందానికి వచ్చింది. ఈ ఏడు వాడి ముఖం స్పష్టంగా చూడాలి. చిక్కినట్టు కనబడితే ఆ పదో అంకె నొక్కెయ్యాలి. ఒట్టి అనుమానం మీద ఫోన్ చేస్తే ఓడిపోయినట్టు, జబ్బని తెలిసి చేస్తే అక్క అయినందుకు చేసినట్టు. ఇంత మెలిక అక్కర్లేదమ్మా, ఫోన్ చెయ్యి అని చెప్పేవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు. ఆ రెండు గదుల్లో పదకొండేళ్ళుగా ఆవిడ ఏమనుకుంటే అదే ఖాయమైపోతోంది.

సేఠ్ తన ఫోన్‌లోంచి పాత రథయాత్ర ముక్క ఒకటి తీయించి, పక్కపక్కనున్న రెండు టీవీల్లో పెట్టించాడు. అందులో ఉన్నది జగన్నాథుడి రథం ఒక్కటే. బలభద్రుడిది లేదా అని అడిగింది హరమణి. దొరికింది ఇంతే అన్నాడు సేఠ్. ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకుని, ఆ రథం మీది ఘంటలవాళ్ళనే తదేకంగా చూసింది. మొదటి టీవీ అట్టముక్కలా పల్చగా, చూడ్డానికి దర్జాగా ఉంది. కానీ ఘంటలు ఊగడం మొదలయ్యేసరికి చేతులు, కర్రలు, ముఖాలు అన్నీ కలిసి తడిచేత్తో తుడిచిన ముగ్గులా అయిపోయాయి. రెండోది కాస్త వీపు లావుది. దాన్లో మనిషి ఊగుతున్నా ముఖం ముఖంలాగే ఉంది.

"ఇది" అంది హరమణి. "పాడైతే ఎవరొస్తారు?"

కంపెనీ వస్తుంది, మూడేళ్ళ వారంటీ ఉందని సేఠ్ మొదలెట్టాడు. కంపెనీకి కాళ్ళుంటాయా, వచ్చే మనిషి పేరేంటి, ఇల్లెక్కడ, ముందు అతన్ని చూపించమంది హరమణి. సంబంధం చూడ్డానికి వచ్చినట్టుందని సేఠ్ గొణుక్కుని, వెనక గదిలోంచి కృతిబాస్‌ని పిలిచాడు. యాభై దాటిన మనిషి. కళ్ళజోడుకి దారం, చొక్కా జేబులో మూడు స్క్రూడ్రైవర్లు. ఇల్లు జోబ్రాలో అని చెప్పాడు. ఆ పల్చటి టీవీల్ని నెలకి నాలుగు విప్పుతానని, ఈ లావు వీపుదాన్ని ఏడాదికి ఒకటి విప్పుతానని సేఠ్ వినేలాగే చెప్పాడు. ఆ మాటతో హరమణికి అతని మీద గురి కుదిరింది. రథయాత్ర నాడు పాడైతే వస్తావా అని అడిగింది.

"ఆ రోజు ఎవరు పనిచేస్తారు మావుసీ? ఇరవయ్యేళ్ళుగా నేను పూరీ పోయి తాడు పట్టుకుంటున్నా. ఆ ఒక్కరోజు నన్ను వదిలెయ్యండి" అన్నాడు కృతిబాస్. అయినా తన సొంత నంబరు బిల్లు వెనక రాసిచ్చాడు.

యాభై అయిదు అంగుళాల టీవీ హరమణి ఉండే సూతాహాట్ సందులోకి వచ్చేసరికి సందంతా గుమ్మాల్లోకి వచ్చింది. దాన్ని బల్ల మీద నిలబెట్టాక ముందు గదిలో మంచానికి చోటు చాలక, మంచం వెనక గదికి పోయింది. వార్తలు చదివే అమ్మాయి ఇప్పుడు హరమణి అంత మనిషి. పఖాళ తినేటప్పుడు, ఆ చద్దన్నం కంచం ఒళ్ళో పెట్టుకుని ఆవిడ ఆ అమ్మాయితో రెండు మాటలు మాట్లాడటం మొదలెట్టింది. ఇవాళ ఆ చీర నీకు నప్పలేదు తల్లీ, గొంతు పోయినట్టుంది తులసాకు నమలు, అలాంటివి. ఆ ఇంట్లో మనిషి గొంతు పలకడం ఆవిడకే వింతగా ఉండేది.

ఇంతలో స్నానపూర్ణిమ వచ్చింది. ఆ రోజు నూటెనిమిది కుండల నీళ్ళు పోయించుకుని స్వామికి జ్వరం వస్తుంది. రథయాత్ర ముందురోజు దాకా, పక్షం రోజులపాటు, ఎవరికీ కనబడడు. ఆ పక్షాన్ని అనసర అంటారు. హరమణి అత్తగారి కాలం నుంచి ఆ ఇంట్లో అనసరలో స్వామి పటానికి బట్ట కప్పి, ముందు పళ్ళూ పానకం మాత్రమే పెడతారు. జ్వరమొచ్చినవాడికి అన్నం పెట్టరు కదా. ఈ ఏడు హరమణి టీవీకి కూడా ఎర్ర పట్టుబట్ట కప్పేసింది. సబిత బుగ్గన వేలేసుకుని, టీవీకేం జ్వరమని అడిగింది. స్వామి ఈసారి నా ఇంటికి దీన్లోంచే వస్తాడు, జ్వరంలో ఉన్నవాడి గది తలుపు బార్లా తెరిచిపెడతామా అంది హరమణి. సబిత నవ్వుతూనే ఒక దణ్ణం పెట్టి వెళ్ళింది.

పొద్దునా సాయంత్రం బట్ట అంచు ఎత్తి, టీవీ కాలి దగ్గరికి గిన్నె తోసేది హరమణి. మారేడు పండు, బెల్లం కలిపిన పానకం, అరటిపండు ముక్కలు, చెంచాడు ఛెనా, అంటే విరగ్గొట్టిన పాల ముద్ద. వీపు వెనక చోటు బాగుందని అగరొత్తి అక్కడ గుచ్చింది. వానలు పట్టుకున్నాయి. టీవీ మూగబోయేసరికి ఇల్లు పాత ఇల్లైపోయింది. చూరు నీళ్ళు పడే చప్పుడు తప్ప మరేమీ లేదు. రోజులు లెక్కపెట్టుకుంటూ, తమ్ముడి ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ గడిపింది. వాడికి మీసం నెరిసి ఉంటుంది. నాన్నలాగే ముందు ఎడమ పక్క నెరిసి ఉంటుంది.

రథయాత్రకి ముందురోజు, స్వామి జ్వరం తగ్గి కొత్త రంగులతో కనబడే రోజున, హరమణి తలస్నానం చేసి, శంఖం ఊది, బట్ట తీసింది. రిమోట్ నొక్కింది. లోపలనుంచి గుడి పూజారులు పండాల కేకలు, జనం హోరు వినిపించాయి. తెర మాత్రం నల్లగా ఉంది. మళ్ళీ నొక్కింది. ప్లగ్గు తీసి పెట్టింది. దణ్ణం పెట్టి నొక్కింది. హోరు పెరిగింది, బొమ్మ రాలేదు.

కంపెనీ నంబరుకి ఫోన్ చేస్తే ముందు ఒక యంత్రం మాట్లాడింది, తరవాత దూరదేశపు గొంతుతో ఒక అమ్మాయి మాట్లాడింది. రెండు పనిదినాల్లో మనిషి వస్తాడంది. రేపు రథయాత్ర తల్లీ అని హరమణి చెప్పింది. "రథయాత్ర శుభాకాంక్షలు మేడమ్. ఇంకేమైనా సహాయం కావాలా?" అంది ఆ అమ్మాయి. సబిత వాళ్ళు అప్పటికే పూరీ బస్సెక్కేశారు. సందులో సగం ఇళ్ళకి తాళాలు వేలాడుతున్నాయి. బిల్లు వెతికి, వెనక రాసిన నంబరుకి చేసింది.

కృతిబాస్ మర్నాటి ప్రయాణానికి సంచీ సర్దుకుంటున్నాడు. విని, టార్చిలైటు ఉందా అని అడిగాడు. గది చీకటి చేసి తెర మీద టార్చి వేసి, దగ్గరగా చూడమన్నాడు. హరమణి తలుపులు మూసి చూసింది. నల్లటి తెరలో టార్చి పడ్డచోట పొగ మనుషుల్లా ఏవో కదులుతున్నాయి. బొమ్మ ఉంది, వెనక దీపాలు ఆరిపోయాయి, లోపల బోర్డు పోయి ఉంటుంది, ఎల్లుండి చూద్దాం అన్నాడతను. రేపటికి ఎవరింట్లోనైనా చూడండి మావుసీ, రథం ఎక్కడ చూసినా రథమే కదా అన్నాడు.

హరమణి ఇంతవరకూ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, సబితకి కూడా. 

"నా తమ్ముడు రథం మీద ఉంటాడు నాయనా. వాడికీ నాకూ పదకొండేళ్ళుగా మాటల్లేవు. నాదే తప్పు. ఏడాదికి ఈ ఒక్కరోజే వాణ్ణి చూసుకుంటాను. వాడికి ఒంట్లో బాగుందో లేదో చూడాలి. అందుకే కొన్నానిది."

 రేపు పొద్దున్న తొమ్మిదింటికి వస్తాను, ప్లగ్గు తీసి ఉంచండి అన్నాడు కృతిబాస్.

తొమ్మిదికి ముందే వచ్చాడు. పూరీకని కొనుక్కున్న కొత్త గమ్ఛా తువ్వాలు మెడలో అలాగే ఉంది. టీవీని మంచం మీద బోర్లా పడుకోబెట్టి, వీపు విప్పి, "అమ్మో" అని ఒక అడుగు వెనక్కి వేశాడు. లోపల చీమలు. ఒకటీ రెండూ కాదు, గుడ్లతో సహా కాపురం పెట్టాయి. బోర్డు మీద వెచ్చగా ఉండే మూల చూసుకుని మరీ పెట్టాయి. ఈ టీవీకి పానకం ఎవరు పోశారు మావుసీ అని అడిగాడు సరదాకి. హరమణి సిగ్గుపడుతూ అనసర సంగతంతా చెప్పేసరికి అతను చాపమీద కూర్చుండిపోయి, కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకునేంత నవ్వాడు. ఇరవై అయిదేళ్ళలో ఎలకలు కొరికినవి చూశాడు, పిల్లలు పాలు పోసినవి చూశాడు, నైవేద్యం పెట్టించుకున్న టీవీని ఇప్పుడే చూస్తున్నాడు. పురుగులు చేరితే వారంటీ రాదు. అందుకని కంపెనీ కాయితం మీద కారణం తేమ అని రాశాడు. వానాకాలం కదా, తేమ కూడా అబద్ధం కాదు అన్నాడు.

బోర్డు మాడిపోయింది. సేఠ్ దుకాణానికి తాళం. ఇదే రకం చచ్చిన టీవీ ఒకటి తన ఇంట్లో ఉందని, దాన్లో బోర్డు బతికే ఉండాలని చెప్పి కృతిబాస్ వెళ్ళాడు. ఎప్పుడూ అరగంట దారే, కానీ రథం నాడు కటక్‌లో ప్రతి బజారుకీ ఒక చిన్న రథం ఉంటుంది, ప్రతి చిన్న రథానికీ ఒక రోడ్డు మూసేస్తారు. పన్నెండయింది. ఒంటిగంట అయింది. హరమణి వీపు విప్పిన టీవీ పక్కన కూర్చుని, వీధి చివర పిల్లలు లాగుతున్న రథం చప్పుడు వింటూ ఉంది. ఏమీ తినాలనిపించలేదు. ఈపాటికి వాడు రథమెక్కి ఉంటాడు. ఈపాటికి ఘంట భుజానికి ఆనించుకుని నిలబడి ఉంటాడు. ఈ ఏడు చూడలేకపోతే ఇంకో ఏడాది ఇలాగే తొమ్మిది అంకెలు నొక్కుతూ బతకాలని ఆవిడకి తెలుసు. అంత బలం తనకి లేదని కూడా మొదటిసారి ఒప్పుకుంది.

రెండున్నరకి కృతిబాస్ తడిసి ముద్దై వచ్చాడు, బోర్డుని గమ్ఛాలో చుట్టి చొక్కా లోపల పెట్టుకుని. టీ కూడా వద్దని పనికి కూర్చున్నాడు. చీమల్ని బ్రష్షుతో దులిపాడు, తీగలు కలిపాడు, ఒకటి తప్పు కలిపి మళ్ళీ విప్పాడు. నాలుగు కావస్తుండగా టీవీని ఎత్తి బల్ల మీద నిలబెట్టి, పక్కకి జరిగాడు.

తెర వెలిగింది. గదినిండా పూరీ బడదాండో వచ్చేసింది. ఆ వెడల్పాటి వీధీ, ఆ జనం, ఎరుపూ ఆకుపచ్చా గుడ్డల్లో బలభద్రుడి రథం. చెక్క గుర్రాలు కట్టేసి ఉన్నాయి, తాళ్ళు పరిచేసి ఉన్నాయి. ఘంటలు మోగుతున్నాయి. కెమెరా జనం మీద తిరిగి తిరిగి రథం మీదికి ఎక్కింది. హరమణి మోకాళ్ళ మీద ముందుకి జరిగి, తెరకి మూరెడు దూరంలో కూర్చుంది. ఒకడు. రెండోవాడు. మూడోవాడు.

మూడోవాడికి పంతొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి. ముక్కు నటబరది. ఘంట ఎత్తిపట్టే తీరు కూడా నటబరదే. ఆవిడ చివరిసారి చూసినప్పుడు ఎనిమిదేళ్ళ పిల్లాడు, అరుగు మీద కూర్చుని ముంత బొరుగులు ఒంపుకుని తిన్నాడు. నటబర పెద్దకొడుకు టుకునా.

"కనిపిస్తోందా మావుసీ?" అన్నాడు కృతిబాస్.

"కనిపిస్తోంది" అంది హరమణి.

ఎంత బాగా కనిపిస్తోందంటే, కొత్త తలపాగా కింద కణతల దగ్గర వారం నాటి వెంట్రుకలు కూడా కనిపిస్తున్నాయి. తల నున్నగా గొరిగారు. మీసం కూడా తీసేశారు. మా దేశంలో ఆ వయసు కుర్రాడు తలా మీసం కలిపి తీయించుకునేది ఒక్కందుకే. కృతిబాస్ కూడా చూశాడు. 

కెమెరా మళ్ళీ జనం మీదికి పోయింది. హరమణి ఫోన్ తీసి అంకెలు నొక్కింది. పదోది కూడా నొక్కింది.

నటబర భార్య కుముదిని ఎత్తింది. ఎవరని అడిగింది. కటక్ నుంచి, హరమణిని అంది.  అక్కడా టీవీ మోగుతోంది. ఇవే ఘంటలు, ఒక్క క్షణం వెనగ్గా.

"ఎప్పుడు?" అంది హరమణి.

"స్నానపూర్ణిమ మర్నాడు అపా. పొద్దున్నే. రెండేళ్ళుగా గుండె బాగాలేదు."

"నాకు కబురెందుకు పెట్టలేదు?"

అక్కని పిలిచినట్టు అపా అంటున్న కుముదిని గొంతులో కోపం లేదు. ఉంటే హరమణికి తేలికయ్యేది.

"ఆయనే వద్దన్నాడు. కబురు వెళ్ళేసరికి నేనుండను, రాలేకపోయానని అక్క జన్మంతా ఏడుస్తుంది, వద్దన్నాడు. రథం నాడు చూస్తుందిలే, టుకునాని నా చోట్లోనే నిలబెట్టండి, తనకే తెలుస్తుంది అన్నాడు." కుముదిని ఆగి, ముక్కు తుడుచుకుని, మళ్ళీ అంది. "ప్రతి ఏడూ అంతే కదా అపా. రథమెక్కగానే ముందు కెమెరా ఎక్కడుందో చూసుకునేవాడు. మిగతా అందరూ స్వామి ముఖం చూస్తూ కొడితే ఈయన అటు తిరిగి కొట్టేవాడు. స్వామికి వీపు పెడతావేంట్రా, సినిమా పిచ్చా అని తోటివాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. మా అక్క చూస్తుంది అనేవాడు. ఇంకేం చెప్పేవాడు కాదు. నిరుడు చెయ్యి లేవకపోయినా అందుకే ఎక్కాడు."

హరమణి ఏం మాట్లాడిందో ఆవిడకే తెలియదు. ఏదో అంది, కుముదిని ఏదో అంది, ఫోన్ ఆగిపోయింది. పదకొండేళ్ళుగా తాను దొంగచాటుగా వాణ్ణి చూసుకుంటున్నాననుకుంది. చూస్తోందని వాడికి తెలుసు. తెలిసి, ప్రతి ఏడూ ముఖం చూపించి వెళ్ళాడు. నీకు స్వామి ముఖమే ముఖ్యమని ఆవిడ గుమ్మంలో అన్న మాటకి, మూడు రథాల ముందు, లక్షల మంది ముందు, స్వామికే వీపు పెట్టి జవాబు చెబుతూ వచ్చాడు. ఆ జవాబు ఆవిడ టీవీలో బొటనవేలంతే కనబడింది.

చావు కబురు విన్నాక స్నానం చెయ్యాలి. హరమణి గోడ పట్టుకుని లేచింది. కృతిబాస్ టీవీ కట్టెయ్యడానికి చెయ్యి చాపాడు.

"కట్టకు. మా పిల్లాడు మళ్ళీ వస్తాడేమో చూస్తూ ఉండు. ఎడమ నుంచి మూడోవాడు. వస్తే పిలు" అని పెరట్లోకి వెళ్ళింది.

కృతిబాస్ సంతకం పెట్టించుకోవాల్సిన కాయితం మడిచి జేబులో పెట్టుకుని తెర ముందు కూర్చున్నాడు. ఏ ఏడూ జనంలో నలుగుతూ రథం మీద ఎవరున్నారో చూడని మనిషి, కళ్ళార్పకుండా ఆ రథాన్నే చూశాడు. పెరట్లో చెంబు తరవాత చెంబు నీళ్ళు పడుతున్న చప్పుడు. మధ్యలో ఒకసారి నీళ్ళ చప్పుడు ఆగిపోయి, ఆవిడ ఏడుపు వినబడింది. అతను లేవలేదు. కెమెరా మెల్లగా తాళ్ళ మీది నుంచి గుర్రాల మీదికి, గుర్రాల మీది నుంచి పైకి వెళ్ళింది.

"మావుసీ, వచ్చాడు" అని గట్టిగా పిలిచాడు.

హరమణి తడిచీరతోనే పరుగెత్తుకొచ్చింది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. తెరనిండా టుకునా. అటూ ఇటూ ఉన్నవాళ్ళంతా స్వామి వైపు తిరిగి ఊగుతున్నారు. వాడొక్కడే ఇటు తిరిగి, ఘంట తలపైకెత్తి కొడుతూ, సూటిగా చూస్తున్నాడు. ఎవర్ని చూడాలో వాడికి తెలియదు. తండ్రి చెప్పిన దిక్కులో చూస్తున్నాడు, అంతే.

"చూస్తున్నాన్రా" అంది హరమణి. "ఇక్కడే ఉన్నాను. చూస్తున్నాను."

తాళ్ళు బిగిశాయి, రథం కదిలింది, కెమెరా మళ్ళీ జనం మీదికి దిగిపోయింది. ఆవిడ నీళ్ళోడుతూ అక్కడే నిలబడి ఉంది.